ట్రిప్‌లో తీసిన వీడియోలు ఏ రోజువి ఆ రోజే పోర్టబుల్ డ్రైవ్‌లోకి ఎక్కించుడు ఎట్ల? సలేశ్వరం నుంచి ఆలంపూర్ దాకా పనికొచ్చే పూర్తి పద్ధతి

నల్లమల అడవిలున్న సలేశ్వరం లింగమయ్య దగ్గరికి ఏడాదిలో చైత్ర పున్నమి చుట్టూ కొన్ని రోజులే పోనిస్తరు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేండ్లకోసారి వస్తది. కురుమూర్తి స్వామి ఉద్దాల (పాదుకల) ఉత్సవం ఏడాదికి ఒక్కసారి, కార్తీకంలో. ఇసొంటివి షూట్ చేసేటోళ్లకు రీటేక్ అనేది లేదు, కెమెరా మెమరీ కార్డు కరాబైతే మల్ల పోయి తీస్త అనడానికి ఉండదు, ఏడాదో రెండేండ్లో ఆగాలె, అప్పటికి ఆ పాట పాడిన ముసలమ్మ ఉంటదో లేదో, ఆ డోలు కొట్టినాయన వస్తడో రాడో ఎవలికి ఎరుక. అయినా మన దిక్కు యూట్యూబ్ చేసే పిల్లలు, పెండ్లి షూటింగులకు పోయేటోళ్లు, ఊర్లల్ల ఆటపాట రికార్డు చేసేటోళ్లు కెమెరా మీద, లెన్స్ మీద పెట్టే ధ్యాస తీసినదాన్ని దాచిపెట్టుడు మీద పెట్టరు. అందుకే ఇది ఇంత వివరంగ రాస్తున్న.

ముందుగాల ఒక్క మాట, కింద చెప్పేదంతా దాని చుట్టే తిరుగుతది. కార్డులో ఉన్నది డ్రైవ్‌లోకి ఎక్కించి కార్డు ఖాళీ చేస్తే అది బ్యాకప్ కాదు, ఫుటేజ్ (తీసిన వీడియో) ఉన్న జాగా మారింది అంతే, కాపీ మాత్రం ఒక్కటే ఉన్నది. రెండు వేరే వేరే వస్తువుల్లో, వేరే వేరే బ్యాగుల్లో ఉన్నప్పుడే దాన్ని బ్యాకప్ అనాలె. ఇల్లు చేరినంక మూడోది. 3-2-1 అని ఫొటోగ్రాఫర్లు చెప్పుకునేది ఇదే: మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట.

1. రోజుకు ఎంత పోగవుతదో లెక్క తియ్యండి

డ్రైవ్ కొనేముందు ఈ లెక్క కావాలె. కెమెరా సెట్టింగ్స్‌లో బిట్ రేట్ అని ఉంటది, అంటే సెకనుకు ఎంత డేటా రాస్తదో ఆ లెక్క, 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) పెట్టి తీస్తే గంటకు 45 జీబీ, 200 పెడితే 90 జీబీ. లెక్క ఎట్లంటే బిట్ రేట్‌ని 8తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఎంబీలో వస్తది, దాన్ని 3600తో గుణించుడే. ఐఫోన్‌లో 4కే 30 ఫ్రేములు హై ఎఫిషియెన్సీలో పెడితే నిమిషానికి 170 ఎంబీ, అంటే గంటకు 10 జీబీ. 60 ఫ్రేములు పెడితే నిమిషానికి 400 ఎంబీ, గంటకు 24 జీబీ.

ఉదాహరణకు మన్ననూర్ మీదుగ నల్లమల, అక్కడ్నుంచి కొల్లాపూర్ పోయి సోమశిల, ఆఖరికి ఆలంపూర్ జోగులాంబ గుడి, మొత్తం మూడు రోజుల ట్రిప్ అనుకోండి. రోజుకు కెమెరాతో రెండు గంటలు, 100 ఎంబీపీఎస్ లెక్కన 90 జీబీ. ఫోన్‌తో గంట, 24 జీబీ. సోమశిలలో కృష్ణ మీద డ్రోన్ ఒక అరగంట, అది గూడ 100 ఎంబీపీఎస్ అయితే ఇంకో 23 జీబీ. అన్నీ ఉన్న రోజుకు 140 దాకా, మూడు రోజులూ అంతే అనుకుంటే 420. దీనికి సగం ఎక్కువ కలుపుకోండి ఎందుకంటే జాతరల చెయ్యి ఆగదు, కాబట్టి 1 టీబీ డ్రైవ్ సరిపోతది. 500 జీబీది కొంటే ఇరుకైతది. 1 టీబీ అని రాసి ఉన్న డ్రైవ్ విండోస్‌లో 931 జీబీగా కనబడతది, అది మోసం కాదు, కంపెనీ వెయ్యితోని లెక్క పెడితే విండోస్ 1024తోని పెడతది. (డ్రోన్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్న, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల పర్మిషన్ లేకుంట ఎగరెయ్యొద్దు.)

2. ఏ డ్రైవ్: హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా

స్పీడ్ కోసం ఎస్‌ఎస్‌డీ (చిప్పుల మీద దాచే డ్రైవ్) కొనాలె అని అందరు అంటరు గని ట్రిప్‌లో స్పీడ్ అసలు కారణం కాదు. మీరు ఎక్కించేది ఎస్‌డీ కార్డు నుంచి, మామూలు యూహెచ్ఎస్ వన్ (ఎస్‌డీ కార్డుల స్పీడ్ రకం) కార్డు మామూలు రీడర్‌ల పెడితే సెకనుకు 90 ఎంబీ చుట్టే ఇస్తది, డ్రైవ్ సెకనుకు 1000 ఎంబీ తీసుకునేదైనా కార్డు ఇచ్చినంతే వస్తది కదా. హార్డ్ డిస్క్ గూడ 100 నుంచి 130 దాకా రాస్తది కాబట్టి 90 జీబీ ఎక్కించడానికి రెండిట్ల ఏది పెట్టినా పదిహేడు పద్దెనిమిది నిమిషాలే.

ఎస్‌ఎస్‌డీ ఎందుకంటే దాంట్ల తిరిగేది ఏం లేదు. హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటది, దాని మీద వెంట్రుక మందం గూడ లేని సందుతోని హెడ్ పోతుంటది, అది నడుస్తున్నప్పుడు చేతులకెల్లి జారినా, బస్సు గుంతల పడి ఎగిరినా హెడ్ పోయి పళ్లానికి తాకుతది, అంతే కథ. మన లోపలి రోడ్ల మీద జీపులల్ల, ఆటోలల్ల తిరిగేటోళ్లకు నేనైతే ఎస్‌ఎస్‌డీయే చెప్త. శాంసంగ్ టీ7, శాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్, క్రూషల్ ఎక్స్9 ఇసొంటివి అరచేతిలో పట్టేంత ఉంటయి. హార్డ్ డిస్క్ ఇంట్ల పెట్టుకునే మూడో కాపీకి మంచిది, అదే పైసలకు జాగా మస్తు వస్తది. పెన్‌డ్రైవ్ మీద మాత్రం ట్రిప్ ఫుటేజ్ పెట్టకండి, పెద్ద ఫైళ్లు ఎక్కించేటప్పుడు వేడెక్కి సగానికి వచ్చేసరికి నత్తనడక పడతది, చిన్నగ ఉంటది కాబట్టి జేబుల్నుంచి ఎప్పుడు పడిపోయిందో గూడ తెల్వదు.

చేతుల పైసలు తక్కువుంటే నా సలహా వేరే. రెండు డ్రైవ్‌లు కొనే బదులు ఒక్క ఎస్‌ఎస్‌డీ కొని, మిగిలిన పైసలతోని కార్డులు ఎక్కువ కొనండి, ట్రిప్ అయ్యేదాకా ఒక్క కార్డు గూడ ఖాళీ చెయ్యకండి. కార్డే మొదటి కాపీ, డ్రైవ్ రెండోది. దీనికంటే తక్కువ ఖర్చుల, తక్కువ తలనొప్పితోని అయ్యే పద్ధతి నాకైతే కనబడలే.

2 టీబీ అని చెప్పి మరీ అగ్గువకు అమ్మేవి ఆన్‌లైన్‌లో కనబడతయి, లోపల 64 జీబీ చిప్పు పెట్టి బయటికి 2 టీబీ అని చూపించేటట్టు చేస్తరు. ఎక్కించినప్పుడు ఎక్కినట్టే ఉంటది, తెరిస్తే ఫైల్ ఖాళీ. డ్రైవైనా కార్డైనా కొత్తది రాంగనే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, మ్యాక్‌లో లినక్స్‌లో అయితే ఎఫ్3, దాంతోని మొత్తం నింపి చదివించి చూడండి. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అసలు సంగతి తెలుస్తది, వాపస్ ఇచ్చే గడువు లోపలనే చెయ్యాలె.

3. కేబుల్, రీడర్

ఫోన్ ఛార్జర్ డబ్బాల వచ్చిన సీ టైప్ కేబుల్ చూడడానికి డ్రైవ్ కేబుల్ లెక్కనే ఉంటది గని చాలావరకు అది యూఎస్‌బీ 2 స్పీడే, సెకనుకు 35 ఎంబీ చుట్టు. 90 జీబీకి ముప్పావు గంట పడతది. కొన్నయితే ఛార్జింగ్ తప్ప డేటా అసలే పంపవు. డ్రైవ్‌తోని వచ్చిన కేబుల్‌కు రంగు టేప్ చుట్టి దాన్ని ఛార్జింగ్‌కు వాడకుండ ఉంచండి. కార్డ్ రీడర్ (కార్డును లాప్‌టాప్‌కు కలిపేది) యూఎస్‌బీ 3ది తీసుకోండి, లాప్‌టాప్‌లో గూడ నీలం రంగు ఉన్న పోర్టులో పెట్టండి, నీలం లేకుంటే పక్కన ఎస్‌ఎస్ అని గుర్తు ఉంటది.

4. ఇంటి దగ్గర్నే చేసుకోవాల్సినవి

డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చెయ్యండి, ఇది డ్రైవ్ మీద ఫైళ్లు సర్దే ఒక పద్ధతి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, పది నిమిషాల క్లిప్పు గూడ ఎక్కది. ఎన్‌టీఎఫ్‌ఎస్ విండోస్‌లో బాగుంటది గని మ్యాక్ దాన్ని చదువుతది తప్ప దాని మీద రాయదు, ఐఫోన్‌తోని గూడ కుదరదు. ఎక్స్‌ఫ్యాట్ దాదాపు అన్నిట్ల నడుస్తది, కానీ దానికి ఒక బలహీనత ఉన్నది: ఎక్కుతుండంగ మధ్యల కేబుల్ పీకితే తనంతట తాను సర్దుకునే ఏర్పాటు దాంట్ల లేదు, అప్పటిదాకా ఎక్కినయి గూడ కనబడకుండ పోవచ్చు. అందుకే ఎజెక్ట్ కొట్టనిది తియ్యొద్దు అని మల్ల మల్ల చెప్పేది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ను గుర్తుపట్టవు, కాబట్టి మీ ఫోన్‌కు పెట్టి ఒక వీడియో ఎక్కించి, తీసి, మల్ల పెట్టి ఓపెన్ చేసి చూసుకోండి. ఇవన్నీ నల్లమలల సిగ్నల్ లేనికాడ చూసుకునేటివి కావు.

కెమెరా, డ్రోన్, ఫోన్ అన్నిట్ల తేదీ, టైం ఒక్కటే ఉండేటట్టు చెయ్యండి. ఒక కెమెరాలో గంట తేడా ఉంటే ఎడిటింగ్‌కు కూసున్నప్పుడు ఏ షాట్ ఎన్క ఏది వచ్చిందో తెల్వక పరేషాన్ అయితరు.

కార్డులకు నంబర్లు రాయండి. ఎస్‌డీ కార్డు మీద పర్మనెంట్ మార్కర్‌తోని ఏ1, ఏ2, డ్రోన్ కార్డులకు డీ1, డీ2. స్టిక్కర్ అంటించకండి, అది లేచి కెమెరాలో ఇరుక్కుంటది. డ్రైవ్ మీద మాత్రం ఒక చిట్టీ అంటించి మీ పేరు, ఫోన్ నంబర్ రాయండి, బస్సులో మర్చిపోతే దొరికినోళ్లు మంచోళ్లయితే ఫోన్ చేస్తరు.

5. షూట్‌లో ఉన్నప్పుడు

కార్డు నిండంగనే తీసి దాని ఎడమ అంచున ఉన్న చిన్న లాక్ మీటను కిందికి అనండి, ఇంక దాని మీద ఎవరూ ఏం రాయలేరు, డిలీట్ గూడ కాదు. మైక్రో ఎస్‌డీకి ఈ మీట ఉండదు, దానికి కార్డు డబ్బాలో బోర్ల పెట్టుడు ఒక్కటే దారి: ఖాళీది బొమ్మ పైకి, నిండినది బొమ్మ కిందికి. జాతరల రాత్రి పూట హెడ్‌లైట్ వెలుతుర్ల కార్డు మార్చేటప్పుడు ఏది ఏదో తెలియాలంటే ఈ అలవాటు మస్తు పనికొస్తది. మరీ పెద్ద కార్డు ఒక్కటే పెట్టుకునుడు నాకు నచ్చదు, 512 జీబీ ఒక్కటి కంటే 128వి నాలుగు మేలు, ఒకటి పోయినా మూడు మిగుల్తయి. మీ కెమెరాకు రెండు స్లాట్లు ఉంటే రెండిట్ల ఒక్కసారే రికార్డు అయ్యే సెట్టింగ్ పెట్టండి, మొదటి నిమిషం నుంచే రెండు కాపీలు వస్తయి.

6. రాత్రి లాప్‌టాప్‌తోని ఎక్కించుడు

ఇదే అసలు పని, దీంట్లనే అందరు తొందర పడతరు. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూర్ చెక్‌పోస్ట్ గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తరు కాబట్టి చాలామందికి ఎట్లాగు మన్ననూర్‌లనో అచ్చంపేటలనో రాత్రి గడపాల్సి వస్తది, ఆ టైం దీనికే పెట్టండి. బువ్వ తినే ముంగట మొదలుపెట్టండి, తినొచ్చేసరికి ఒక కార్డు అయితది. తిన్నంక చేద్దాం అంటే నిద్ర వస్తది, నిద్రల చేసిన పనిల తప్పులు పడతయి.

లాప్‌టాప్‌ను కరెంట్‌కు పెట్టండి, బ్యాటరీ గూడ సగం పైన ఉండేటట్టు చూడండి, కరెంట్ పోయినా ఎక్కుడు ఆగదు. స్లీప్ మోడ్ బంద్ చెయ్యండి. డ్రైవ్‌ను మంచం మీద బొంతల మీద పెట్టకండి, గట్టి టేబుల్ మీద గాలి తగిలేటట్టు పెట్టాలె, ఎస్‌ఎస్‌డీ వేడెక్కితే తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటది.

డ్రైవ్‌లో ట్రిప్ పేరుతోని ఒక ఫోల్డర్, దాని లోపల రోజుకొకటి, దాని లోపల కార్డుకొకటి. పేరు ముందర సంవత్సరం, నెల, తేదీ ఈ వరుసలనే పెట్టండి, అట్లయితే వాటంతట అవే వరుసగ నిలబడతయి. తర్వాత ఊరు, కార్డు నంబర్. పేర్లు ఇంగ్లీషు అక్షరాలల్లనే పెట్టండి, తెలుగుల పెడితే కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఫైల్ దొరకలేదంటయి.

ఇంక కార్డు పెట్టి మొత్తం కాపీ చెయ్యండి. కట్ అస్సలు వద్దు. కట్ చేసి పేస్ట్ చేసేటప్పుడు మధ్యల ఏదన్నా ఆగితే కొన్ని ఇటు, కొన్ని అటు, ఏది యాడ ఉన్నదో తెల్వదు. బాగున్న క్లిప్పులు ఏరుకుని ఎక్కించుడు గూడ వద్దు, అది ఇంట్ల చేసుకునే పని. ఫోల్డర్ల లోపలికి పోయి ఎంపీ4 ఫైళ్లు మాత్రమే లాక్కోకండి. సోనీ కెమెరాలల్ల వీడియో ప్రైవేట్ అనే ఫోల్డర్ లోపల ఎం4రూట్, దాని లోపల క్లిప్ అని ఇట్ల మూడు అంచెల లోపల ఉంటది, దాని పక్కన ఎక్స్ఎంఎల్ (క్లిప్పు వివరాల) ఫైళ్లు ఉంటయి, డీసీఐఎం అనే ఫొటోల ఫోల్డర్ ఒక్కటే ఎక్కించుకుంటే ఫొటోలు మాత్రమే వస్తయి, వీడియోలు కార్డులనే మిగిలిపోతయి. ఇది చాలామందికి తెల్వదు. గోప్రో అయితే పెద్ద రికార్డింగ్‌ను తానే ముక్కలు చేస్తది, జీఎక్స్01, జీఎక్స్02 అని మొదలై చివరి నాలుగు అంకెలు ఒక్కటే ఉన్నవన్నీ ఒకే షాట్, ఒక ముక్క పోయినా షాట్ మధ్యల బొక్క పడతది. కాబట్టి కార్డులో పైన కనబడేది మొత్తం సెలెక్ట్ చేసి, ఉన్నది ఉన్నట్టు.

టైమ్‌లాప్స్ తీసినోళ్లకు ఒక మాట. నల్లగొండ దగ్గరి పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద నీడ పొద్దంతా కదలకుండ ఉండుడు చూపియ్యాలె అని పొద్దటి నుంచి సాయంత్రం దాకా ఫొటోలు కొట్టిండ్రు అనుకోండి, వేల ఫొటోలు అయితయి. జీబీలల్ల చూస్తే తక్కువే గని చిన్న చిన్న ఫైళ్లు వేలల్ల ఉంటే ఒక్కోదానికి మొదలు, ముగింపు రాసుకోవాలె కాబట్టి అంతే సైజు వీడియో కంటే చాలా ఎక్కువ సేపు పడతది. డ్రైవ్ కరాబయింది అనుకుని మధ్యల పీకకండి.

ఎక్కింది అని కంప్యూటర్ చెప్పంగనే నమ్మొద్దు. విండోస్ మామూలు కాపీ పెట్టినప్పుడు డ్రైవ్ మీద పడ్డదాన్ని మల్ల చదివి సరి చూడదు. మొదటి పరీక్ష, కార్డు మీద ఉన్న ఫోల్డర్లన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్, ప్రాపర్టీస్. డ్రైవ్‌లోని ఫోల్డర్ లోపలికి పోయి అట్లనే. రెండు కిటికీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఫైళ్ల సంఖ్య ఒక్కటే ఉండాలె, సైజ్ అనే చోట బ్రాకెట్‌లో బైట్లు ఉంటయి, ఆ పొడుగు అంకె చివరి దాకా ఒక్కటే ఉండాలె. దాని కింద సైజ్ ఆన్ డిస్క్ అని ఇంకోటి ఉంటది, అది కార్డుకు, డ్రైవ్‌కు తేడా వస్తది, దాన్ని చూసి భయపడకండి, రెండిట్ల లోపలి గడుల సైజు వేరే కాబట్టి అట్ల వస్తది. కార్డులో 318 ఫైళ్లు ఉండి డ్రైవ్‌లో 317 ఉంటే ఆ ఒక్కటి ఏందో దొరికేదాకా కార్డును పక్కన పెట్టకండి.

రెండో పరీక్ష ఇంకా గట్టిది. విండోస్‌లో టెరాకాపీ పెట్టుకుంటే ఎక్కినంక వెరిఫై చేసే సౌకర్యం ఉంటది, కార్డు మీద ఉన్నదాన్ని, డ్రైవ్ మీద పడ్డదాన్ని చదివి చెక్‌సమ్ (ఫైల్ లోపలి డేటా నుంచి లెక్కగట్టే గుర్తు అంకె) సరిపోయిందో లేదో చెప్తది. మ్యాక్‌లో, విండోస్‌లో ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ వాడేటోళ్లు దాంట్ల మీడియా పేజీలో క్లోన్ టూల్ వాడుకోవచ్చు, ఉచిత వెర్షన్‌లనే ఉన్నది, చెక్‌సమ్‌తోని కాపీ చేస్తది, ఒకే కార్డును రెండు డ్రైవ్‌లకు ఒక్కసారే పంపిస్తది. టైం డబుల్ పడతది, పడనియ్యండి.

మూడోది కండ్లతోని చూసుడు. డ్రైవ్ ఎజెక్ట్ చేసి, తీసి, మల్ల పెట్టి, దాని మీది నుంచే మొదటి క్లిప్పు, ఆఖరి క్లిప్పు, మధ్యల అన్నిటికంటే పెద్ద క్లిప్పు ప్లే చెయ్యండి. క్లిప్పు చివరికి లాగి చూడండి, మొదలు బాగుండి చివర్ల ఆగిపోయేటివి ఉంటయి. సౌండ్ గూడ వినండి.

రెండో డ్రైవ్ ఉంటే దానికి గూడ కార్డు నుంచే ఎక్కించండి, మొదటి డ్రైవ్ నుంచి కాదు. మొదటిదాంట్ల ఏదన్నా ఫైల్ సరిగ్గ పడకుంటే అదే తప్పు రెండోదాంట్లకు గూడ పోతది.

7. లాప్‌టాప్ లేకుంటే, ఫోన్‌తోని

బైక్ మీద పోయేటోళ్లు, వీపు బ్యాగుతోని నడిచేటోళ్లు లాప్‌టాప్ మోసుడు కష్టమే. సీ టైప్ హబ్ ఒకటి తీసుకోండి, దాంట్ల కార్డ్ స్లాట్, యూఎస్‌బీ పోర్ట్, ఛార్జింగ్ లోపలికి వచ్చే పోర్ట్ మూడు ఉండాలె. మూడోది ముఖ్యం, ఎందుకంటే డ్రైవ్‌కు, రీడర్‌కు రెండిటికి కరెంట్ ఇచ్చేంత బలం ఫోన్‌కు అన్నిసార్లు ఉండదు, మధ్యల డ్రైవ్ మాయమైతది. పవర్ బ్యాంక్ హబ్‌కు పెడితే ఆ గొడవ లేదు. లైట్నింగ్ పోర్ట్ ఉన్న పాత ఐఫోన్లకు ఈ కరెంట్ సమస్య ఇంకా ఎక్కువ.

ఫైల్స్ యాప్ తెరిస్తే కార్డు, డ్రైవ్ రెండు కనబడతయి, కార్డు ఫోల్డర్లు పట్టి కాపీ, డ్రైవ్‌లో పేస్ట్. ఎక్కేంతసేపు స్క్రీన్ ఆరిపోకుండ సెట్టింగ్ మార్చుకోండి, వేరే యాప్‌లోకి పోకండి, ఫోన్ వస్తే ఎత్తకండి, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టుడే నయం. ఫోన్‌లో చెక్‌సమ్ చూసుడు అంత సులువు కాదు కాబట్టి ఫైళ్ల సంఖ్య, పెద్ద ఫైళ్ల సైజు, ప్లే చేసి చూసుడు ఈ మూడు వదలొద్దు, కార్డులు మాత్రం ఖాళీ చెయ్యనే వద్దు.

ఐఫోన్‌తో తీసిన వీడియోలు డ్రైవ్‌కు పంపేటప్పుడు ఫొటోస్ యాప్‌లో షేర్ నొక్కి ఎక్స్‌పోర్ట్ అన్‌మాడిఫైడ్ ఒరిజినల్ అనేది ఎంచుకోండి, తీసింది తీసినట్టు పోతది. వాట్సాప్‌లో మనకు మనమే పంపుకునుడు బ్యాకప్ కాదు, వీడియో అని పంపితే దాన్ని కుదించి నాణ్యత తీసేస్తది. ఐఫోన్ 15, దాని తర్వాతి వాటికి సీ టైప్ ఉన్నది గని మామూలు 15లో యూఎస్‌బీ 2 స్పీడే, 15 ప్రోలో యూఎస్‌బీ 3.

8. ఎక్కించినంక యాడ పెట్టాలె

కార్డులు, డ్రైవ్ ఒకే కెమెరా బ్యాగులో పెడితే ఇప్పటిదాకా చేసిన పని మొత్తం వృథా. బ్యాగు బస్సులో మర్చిపోయినా, సోమశిల దగ్గర పడవ ఎక్కేటప్పుడు నీళ్లల్ల పడినా రెండు కలిసే పోతయి. డ్రైవ్ కెమెరా బ్యాగులో ఉంటే కార్డుల డబ్బా మీ ఒంటి మీద, జిప్పు ఉన్న జేబుల ఉండాలె. ఇద్దరు పోతే ఇంకా మంచిది, ఒకటి మీ దగ్గర, ఇంకోటి తోటి ఆయన దగ్గర. ఇద్దరు ఒకే బండి మీద పోతున్నా సరే బ్యాగులు వేరే ఉండాలె. ఆర్టీసీ బస్సులో డిక్కీల వేసే బ్యాగులో డ్రైవ్ పెట్టకండి, విమానంలో గూడ చేతి బ్యాగులనే.

మన దగ్గర ఎండ సంగతి వేరే చెప్పాల్నా. మే నెలల నల్లగొండల 44, 45 డిగ్రీలు కొడుతది, కారు అద్దాలు మూసి ఎండల పెడితే లోపల ఇంకా చాలా ఎక్కువ అయితది, డ్యాష్‌బోర్డ్ మీద చెయ్యి పెట్టలేం. సాగర్‌ల డ్యామ్ చూసొస్తం, బుద్ధవనం చూసొస్తం అని డ్రైవ్‌ను కార్ల వదిలిపెట్టి పోకండి, వెంట తీసుకపోండి. వేడిగ ఉన్న డ్రైవ్‌ను వెంటనే కేబుల్‌కు పెట్టకండి, నీడల కాసేపు చల్లబడనియ్యండి. వానకాలం మల్లెలతీర్థం జలపాతం దిక్కు పోతే జిప్ కవర్‌లో పెట్టి, దాంట్ల సిలికా జెల్ పొట్లం ఒకటి వెయ్యండి. సలేశ్వరం లోయలోకి రాళ్ల మీద దిగేటప్పుడు డ్రైవ్ ఎంబడి అవసరమే లేదు, లోయ పైననే నమ్మకమైన మనిషి దగ్గర ఉంచి కార్డులతోనే దిగండి.

9. కార్డు ఎప్పుడు ఖాళీ చెయ్యాలె

రెండు వేరే వేరే డ్రైవ్‌లల్ల పడి, రెండు సరి చూసినంకనే. ఒక్క డ్రైవే ఉంటే ఇల్లు చేరేదాకా ఆగాలె. ఖాళీ చేసేటప్పుడు లాప్‌టాప్‌లో డిలీట్ కొట్టకుండ, కార్డు కెమెరాలో పెట్టి కెమెరా మెనూలోనే ఫార్మాట్ చెయ్యండి, ఆ కెమెరాకు కావాల్సిన ఫోల్డర్లు అదే కట్టుకుంటది. ఎక్కించిన రాత్రే ఫార్మాట్ చెయ్యకండి, తెల్లారి నిద్ర లేచినంక డ్రైవ్ ఇంకోసారి తెరిచి చూసి అప్పుడు చెయ్యండి.

10. ఏదన్నా తేడా వస్తే

డ్రైవ్ పెట్టంగనే ఫార్మాట్ చెయ్యాల్నా అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి. కేబుల్ మార్చి, పోర్ట్ మార్చి, హబ్ తీసి నేరుగ పెట్టి చూడండి, చాలాసార్లు తప్పు కేబుల్‌దే ఉంటది. హార్డ్ డిస్క్ లోపల్నుంచి టక్ టక్ అని చప్పుడు వస్తే వెంటనే తీసెయ్యండి, మల్ల మల్ల పెట్టి చూసినకొద్ది పళ్లెం ఇంకా గీసుకపోతది, అది రికవరీ చేసేటోళ్లు తెరవాల్సిన కేసు.

కార్డు పొరపాటున ఫార్మాట్ అయితే దాని మీద ఇంక ఒక్క ఫొటో గూడ తియ్యకండి, లాక్ మీట దించి పక్కన పెట్టండి. డిలీట్ అయినా ఫార్మాట్ అయినా కొత్తది మీద పడనంత వరకు పాత డేటా చాలావరకు అట్లనే ఉంటది, ఇంటికొచ్చి ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తోని తీసుకోవచ్చు, తీసినదాన్ని వేరే డ్రైవ్‌లో సేవ్ చెయ్యాలె, అదే కార్డులో కాదు. పేర్లు పోతయి, పెద్ద వీడియోలు కొన్ని ముక్కలుగ వస్తయి, అయినా ఏం లేనిదానికంటే నయం. ఎస్‌ఎస్‌డీలో డిలీట్ అయినదానికి మాత్రం ఆ ఆశ తక్కువ, ట్రిమ్ అనే పద్ధతి వల్ల ఖాళీ అయిన జాగాను డ్రైవ్ తానే తుడిచేసుకుంటది.

11. ఇల్లు చేరినంక

బట్టలు సర్దుకునే ముంగటే ఇంట్ల ఉన్న పెద్ద హార్డ్ డిస్క్‌కు మొత్తం ఎక్కించి, అదే పద్ధతిల సరి చూడండి. అంతా క్లౌడ్‌కు పంపుదాం అనుకుంటే ముందు లెక్క చూసుకోండి, ఇంటి నెట్ అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ ఉంటే 100 జీబీ పోవడానికి 11 గంటలు పడతది, 420 జీబీ అంటే దగ్గర దగ్గర రెండు రోజులు ఆగకుండ. అందుకని మల్ల దొరకనివి, అంటే పాటలు, ముసలోళ్ల మాటలు, జాతర ముఖ్య ఘట్టం, ఇవి మాత్రం ముందు పంపండి, మిగిలినది తర్వాత. క్లౌడ్ వద్దు అంటే రెండో హార్డ్ డిస్క్ కొని ఊర్ల అమ్మ వాళ్లింట్లనో, అన్న దగ్గర్నో పెట్టండి, ఏదైనా పండుగకు పోయినప్పుడు కొత్తవి దాంట్ల ఎక్కించి రావొచ్చు. హార్డ్ డిస్క్‌ను ఏండ్ల తరబడి బీరువాల అట్లనే పెట్టకుండ అప్పుడప్పుడు పెట్టి కొన్ని ఫైళ్లు తెరిచి చూస్తుండండి.

ట్రావెల్ డ్రైవ్‌ను వెంటనే ఖాళీ చెయ్యకండి. ఎడిటింగ్ అయ్యి వీడియో బయటికి పోయేదాకా అది అట్లనే ఉండనియ్యండి, తర్వాతి ట్రిప్‌కు బయల్దేరే ముందు రోజు ఇంటి డిస్క్‌లో ఆ ఫోల్డర్ తెరుచుకుంటున్నదా అని చూసుకుని అప్పుడు ఫార్మాట్ కొట్టండి.